ఒకే లైబ్రరీకి రెండు వెర్షన్లు పక్కపక్కన ఉంటే జేవీఎం దేనిని తీసుకుంటుంది?

ప్రశ్న

నమస్కారమండీ. మా బృందం నడిపే ఒక జావా సర్వీసు వారం రోజులుగా టెస్టు సర్వరు మీద మాత్రమే విఫలమవుతోంది. అదే కోడు, అదే డేటాతో నా ల్యాప్‌టాప్‌లో ఒక్కసారి కూడా విఫలం కాలేదు. సర్వీసు మామూలుగానే మొదలవుతుంది, గంటో రెండు గంటలో సజావుగా పనిచేస్తుంది, ఆ తరువాత ఎవరైనా నెలవారీ నివేదిక అడిగిన క్షణంలో నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వచ్చి ఆ పని అక్కడే ఆగిపోతుంది. లేదని చెబుతున్న మెథడ్ గూగుల్ వారి గువా లైబ్రరీలోని ప్రీకండిషన్స్ క్లాసుకు చెందిన చెక్‌ఆర్గ్యుమెంట్. దాని పారామీటర్లు వరుసగా బూలియన్, స్ట్రింగ్, ఆబ్జెక్ట్ అని దోష సందేశంలో ఉంది. గువా సోర్సు తెరిచి చూస్తే అచ్చం అలాంటి మెథడే నా కళ్లెదుట ఉంది.

మేము జావా 11, బిల్డ్ కోసం మావెన్ వాడుతున్నాము. రెండు నెలల క్రితం వరకు, మావెన్ అమరికలు రాసుకునే మా పామ్ ఫైలులో గువా 19.0 ఉండేది. నివేదికల కోసం మా సంస్థలోనే మరొక బృందం రాసిన లైబ్రరీని చేర్చుకున్నప్పుడు, వారు 27.0-జేఆర్‌ఈ మీద కంపైల్ చేశారని తెలిసి మేము కూడా ఆ వెర్షన్‌కు మారాము. కంపైల్‌లో ఒక్క హెచ్చరిక కూడా రాలేదు, యూనిట్ టెస్టులన్నీ నెగ్గాయి. సర్వరులో స్టార్టు స్క్రిప్టు లిబ్ ఫోల్డరు పేరుకు చివర నక్షత్రం గుర్తు తగిలించి, దానినే క్లాస్‌పాత్‌గా, అంటే క్లాసులను వెతికే చోట్ల జాబితాగా, ఇస్తుంది. నిన్న ఆ ఫోల్డరు తెరిచి చూస్తే గువా 19.0 జారు (క్లాసుల కట్ట ఫైలు), 27.0-జేఆర్‌ఈ జారు రెండూ పక్కపక్కనే ఉన్నాయి. అంతకంటే వింత ఏమిటంటే, ఇదే ఫోల్డరును ఉన్నదున్నట్టు కాపీ చేసుకున్న రెండవ టెస్టు సర్వరులో ఈ దోషం రావడమే లేదు.

రెండు జార్లు ఉన్నప్పుడు జేవీఎం (జావా కోడును నడిపే వర్చువల్ యంత్రం) పెద్ద వెర్షన్‌ను ఎందుకు ఎంచుకోదు? మెథడ్ లేకపోతే సర్వీసు మొదలయ్యేటప్పుడే చెప్పకుండా గంటల తరువాత ఎందుకు చెబుతుంది? నివేదిక తయారుచేసే భాగమంతా ఎక్సెప్షన్‌ను పట్టుకునే ట్రై-క్యాచ్‌లో ఉన్నా ఈ దోషం దానిని దాటుకుని ఎలా పోతోంది? దయచేసి వివరించగలరు.


మొదటి జవాబు

జేవీఎంకు వెర్షన్ అనే ఊహే లేదు. మీ మొదటి సందేహానికి జవాబు ఇంతే. జారు ఫైలు పేరులో ఉన్న 19.0 గాని 27.0 గాని మనుషుల కోసం, మావెన్ వంటి సాధనాల కోసం ఉన్నవి. క్లాస్‌లోడరు చేసే పని ఏమిటంటే, ఒక క్లాసు పూర్తి పేరు అందగానే క్లాస్‌పాత్‌లోని జార్లను వరుసగా వెతకడం, మొదట ఎక్కడ దొరికితే అక్కడి నుంచి దానిని తీసుకోవడం, ఇక ఆ తరువాతి జార్ల వైపు చూడకపోవడం. వరుసలో ముందున్నదే నెగ్గుతుంది, పాతదైనా సరే.

మరి ఆ వరుసను ఎవరు నిర్ణయిస్తారు? క్లాస్‌పాత్‌లో జార్ల పేర్లను మీరే రాస్తే మీరు రాసిన వరుసే ఉంటుంది. నక్షత్రం గుర్తు వాడితే జావా లాంచరు ఆ ఫోల్డరులోని జార్ల జాబితాను తానే విస్తరించుకుంటుంది. ఆ విస్తరణలో జార్లు ఏ వరుసలో వస్తాయన్నది నిర్దేశించలేదనీ, ఒక యంత్రానికీ మరొక యంత్రానికీ, అంతెందుకు, ఒకే యంత్రం మీద ఒకసారికీ మరొకసారికీ కూడా అది మారవచ్చనీ జావా అధికారిక పత్రాలలో స్పష్టంగా రాసి ఉంది. అక్షర క్రమంలో వస్తాయని చాలామంది అనుకుంటారు గాని అటువంటి హామీ ఏదీ లేదు. కాపీ చేసిన ఫోల్డరులో జార్ల వరుస మారి 27.0 ముందుకు వచ్చి ఉంటుంది, అందుకే మీ రెండవ సర్వరు అదృష్టవశాత్తు పనిచేస్తోంది. ఆ సర్వరును చూసి ధైర్యం తెచ్చుకోకండి.

ఇక కంపైల్ సంగతి. చెక్‌ఆర్గ్యుమెంట్‌కు గువా 19 వరకు ఉన్న రూపాలలో సందేశంతోపాటు విలువలను తీసుకునేది ఒక్కటే: బూలియన్, స్ట్రింగ్, ఆ తరువాత ఆబ్జెక్ట్ వరార్గ్స్ (ఎన్ని విలువలైనా), అంటే లోపల ఒక అర్రే. గువా 20లో, ప్రతి పిలుపుకూ ఆ అర్రేను తయారుచేసే ఖర్చు తప్పించడానికి, ఒకటి రెండు విలువలకు విడివిడిగా ఓవర్‌లోడ్లు, అంటే అదే పేరుతో వేరు పారామీటర్లున్న మెథడ్లు, చేర్చారు. సోర్సులో మనం రాసే వాక్యం రెండింటికీ ఒకటే కాబట్టి మన కంటికి తేడా కనబడదు. కంపైలరు మాత్రం ఎదుట ఏ గువా ఉంటే దానిని చూసి ఏ ఓవర్‌లోడో తేల్చుకుని, ఆ మెథడ్ పేరు, పారామీటర్ల రకాలు, తిరిగిచ్చే రకం, ఈ మూడింటినీ కలిపి కంపైల్ ఫలితమైన బైట్‌కోడ్‌లో అచ్చు గుద్దినట్టు రాసేస్తుంది. నడిచే సమయంలో జేవీఎం ఆ మూడూ సరిగ్గా కలిసే మెథడ్ కోసమే వెతుకుతుంది. వరార్గ్స్ రూపం ఉంది కదా, దానితో సర్దుకుందామని అది ఎప్పుడూ ఆలోచించదు, ఎందుకంటే ఓవర్‌లోడ్‌ను ఎంచుకోవడం కంపైలరు పని, అది అప్పటికే ముగిసిపోయింది. నివేదికల లైబ్రరీని కంపైల్ చేసినవారు చూసినది 27.0, మీ సర్వరు చూపించినది 19.0. మీరు సోర్సు తెరిచినప్పుడు చూసినదీ 27.0 సోర్సే అయి ఉంటుంది.

తిరిగిచ్చే రకం కూడా లెక్కలోకి వస్తుందన్నది చాలామంది మరిచిపోతారు. దీనికి గువా దాకా కూడా పోనక్కరలేదు, జావాలోనే మంచి ఉదాహరణ ఉంది. బైట్‌బఫర్ క్లాసులో ఫ్లిప్ అనే మెథడ్ జావా 8 వరకు దాని మాతృ క్లాసు బఫర్ నుంచి వచ్చి బఫర్‌నే తిరిగి ఇచ్చేది. జావా 9లో దానిని బైట్‌బఫర్‌లోనే మళ్లీ నిర్వచించి, బైట్‌బఫర్‌నే తిరిగి ఇచ్చేలా చేశారు. దానితో జావా 9 కంపైలరుకు సోర్సు 8, టార్గెట్ 8 అని మాత్రమే చెప్పి తయారుచేసిన ఎన్నో లైబ్రరీలు జావా 8 మీద ఇదే నోసచ్‌మెథడ్‌ఎర్రర్‌తో కూలాయి. రిలీజ్ 8 అనే ఆప్షను ఇస్తే కంపైలరు జావా 8 నాటి మెథడ్ల పట్టికనే చూస్తుంది కనుక ఆ చిక్కు ఉండదు.

గంటల తరువాత బయటపడడానికి కారణం జేవీఎం బద్ధకం. ఈ మాటను నిందగా అనడం లేదు. క్లాసును తెచ్చుకోవడం, లింకు చేయడం, ఆరంభించడం అని మూడు దశలుంటాయి. లింకు దశలో భాగమైన రిజల్యూషన్‌ను, అంటే రాసి ఉన్న పేరుకు నిజమైన మెథడ్‌ను జతచేసే పనిని, ముందుగా చేయాలా అవసరమైనప్పుడు చేయాలా అన్నది జేవీఎం స్పెసిఫికేషన్ అమలు చేసేవారికే వదిలేసింది. మనమందరం వాడే జేవీఎం అయిన హాట్‌స్పాట్ ఆ పనిని ఆ బైట్‌కోడ్ ఆదేశం మొదటిసారి నడిచేవరకు వాయిదా వేస్తుంది. నివేదిక ఎవరూ అడగకపోతే ఆ లోపం ఏడాదిపాటు అలాగే దాగి ఉండగలదు.

ట్రై-క్యాచ్ విషయానికి వస్తే, నోసచ్‌మెథడ్‌ఎర్రర్ లింకేజ్‌ఎర్రర్ వంశానికి చెందినది, లింకేజ్‌ఎర్రర్ ఎర్రర్‌కు చెందినది. అది ఎక్సెప్షన్ కొమ్మ మీద లేదు కనుక ఎక్సెప్షన్ కోసం పన్నిన వలలో పడదు. మీ నివేదికలు థ్రెడ్‌పూల్‌లో నడుస్తుంటే ఇంకొక ప్రమాదం కూడా ఉంది: సబ్‌మిట్‌తో పంపిన పనిలో వచ్చిన ఎర్రర్ ఫ్యూచర్ (ఫలితాన్ని తరువాత అందించే వస్తువు) లోపల దాక్కుంటుంది. దాని మీద ఎవరూ గెట్ పిలవకపోతే లాగ్‌లో ఒక్క అక్షరం కూడా పడదు. మీకు సందేశమైనా కనిపించింది, సంతోషించండి.

ముందుగా చేయవలసినది నిర్ధారణ. జావా ఆదేశానికి వెర్బోస్ క్లాస్ ఆప్షను చేర్చండి (జావా 9 నుంచి దీనికి బదులు ఎక్స్‌లాగ్‌లో క్లాస్ లోడ్ అని ఇవ్వవచ్చు). ప్రతి క్లాసు ఏ జారు నుంచి వచ్చిందో దారితో సహా అచ్చవుతుంది. అందులో ప్రీకండిషన్స్ వరుసను వెతికి చూడండి. ఇంకొక మాట కూడా గమనించండి: మావెన్ ఒకే బిల్డ్‌లో ఒకే ఆర్టిఫాక్టుకు, అంటే తన లెక్కలోని ఒకే లైబ్రరీకి, రెండు వెర్షన్లను ఎప్పుడూ ఉంచదు, ఎలాగో ఒకదానిని ఎంచుకుంటుంది. ఫోల్డరులో రెండు జార్లు ఉన్నాయంటే అది మావెన్ చేసిన పని కాదు, మీ డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టు చేసిన పని.


ప్రశ్న అడిగినవారి స్పందన

ఇంత వివరంగా చెప్పినందుకు కృతజ్ఞతలు. మీరు ఊహించినట్టే జరిగింది. మా స్క్రిప్టు కొత్త జార్లను లిబ్ ఫోల్డరులోకి కాపీ చేస్తుంది గాని పాతవాటిని తీసివేయదు. వెర్షన్ అంకె ఫైలు పేరులోనే ఉండడం వల్ల కొత్తది పాతదాని మీద పడకుండా పక్కన చేరింది. వెర్బోస్ క్లాస్ పెట్టి చూస్తే మొదటి సర్వరులో ప్రీకండిషన్స్ 19.0 జారు నుంచి, రెండవ సర్వరులో 27.0 జారు నుంచి వస్తున్నాయి. అయితే మొదటి సర్వరులో గువాకు చెందిన క్లాసులన్నీ 19.0 నుంచి రాలేదు, కొన్ని 27.0 నుంచి కూడా వచ్చాయి. అది ఎలా సాధ్యమో అర్థం కాలేదు.

19.0 జారును తీసివేసి సర్వీసును మళ్లీ మొదలుపెట్టాను. నివేదికలు చక్కగా వస్తున్నాయి. కాని ఈ ఉదయం మరొక నోసచ్‌మెథడ్‌ఎర్రర్ వచ్చింది. ఈసారి లేదంటున్నది గువాలోని ఆబ్జెక్ట్స్ క్లాసుకు చెందిన టుస్ట్రింగ్‌హెల్పర్. పిలిచినది చాలా ఏళ్ల క్రితం బయటి సంస్థ ఒకటి రాసి ఇచ్చిన ఫైళ్ల పఠన లైబ్రరీ. తప్పుగా ఉన్న రికార్డు ఎదురైనప్పుడు దాని వివరాలను లాగ్‌లో రాయబోయి అది కూలింది. నా ల్యాప్‌టాప్‌లోని డేటాలో తప్పు రికార్డులు లేవు కాబట్టి అక్కడ బయటపడలేదని మీ వివరణ చదివాక నాకే తోచింది. ఆ జారులోని పామ్ ఫైలు ప్రకారం అది గువా 15.0 మీద తయారైంది. దాని సోర్సు మా దగ్గర లేదు, రాసిచ్చిన సంస్థ నుంచి ఇప్పుడు దొరికే ఆశా లేదు. అంటే 19.0 ఉంటే కొత్త లైబ్రరీ కూలుతుంది, 27.0 ఉంటే పాతది కూలుతుంది. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.


రెండవ జవాబు

ముందుగా ఆ సగం సగం సంగతి. క్లాస్‌లోడరు ఎంపిక జారు లెక్కన జరగదు, క్లాసు లెక్కన జరుగుతుంది. 19.0 జారు ముందున్నా, అందులో లేని క్లాసును ఎవరైనా అడిగితే వెతుకులాట తరువాతి జారుకు సాగుతుంది. ఉదాహరణకు గువాలోని గ్రాఫ్ ప్యాకేజీ మొదటిసారి 20లో వచ్చింది. అది 27.0 జారు నుంచే రాక తప్పదు, వచ్చాక అది పిలిచే ప్రీకండిషన్స్ మాత్రం 19.0ది. అంటే లైబ్రరీకీ మీ కోడుకూ మధ్యే కాదు, గువాకూ గువాకూ మధ్యే పొసగని స్థితి. ఎవరూ ఎన్నడూ పరీక్షించని, ఏ విడుదలలోనూ లేని ఒక మూడవ గువాను మీ సర్వరు రెండు నెలలుగా నడిపిందన్నమాట. జారు మ్యానిఫెస్టులో (జారు వివరాలు రాసే ఫైలులో) ప్యాకేజీని సీల్ చేస్తే జావా ఇటువంటి కలగలుపును అడ్డుకుంటుంది గాని, అలా సీల్ చేసి విడుదలయ్యే లైబ్రరీలు బహు తక్కువ.

ఇక మీ నుయ్యి, గొయ్యి గురించి. ఆబ్జెక్ట్స్ క్లాసులోని టుస్ట్రింగ్‌హెల్పర్‌ను, దానితోపాటు ఫస్ట్‌నాన్‌నల్‌ను గువా 18లో మోర్‌ఆబ్జెక్ట్స్ అనే క్లాసుకు తరలించారు. పాతచోట వాటిని వాడవద్దనే గుర్తు తగిలించి ఉంచి, 21లో పూర్తిగా తీసేశారు. చెక్‌ఆర్గ్యుమెంట్ కొత్త ఓవర్‌లోడ్లు వచ్చినది 20లో. ఈ రెండు తేదీల మధ్య సరిగ్గా ఒక్క విడుదల ఇరుక్కుని ఉంది: గువా 20.0. పాతవి ఇంకా పోలేదు, కొత్తవి వచ్చేశాయి. పామ్ ఫైలులో 20.0 అని రాసి ఒకసారి చూడండి. మీరు చెప్పిన రెండు దోషాలూ పోతాయి.

పోయినంత మాత్రాన దానిని పరిష్కారమని నేను అనను. నివేదికల లైబ్రరీ 27.0 మీద తయారైంది, కనుక 21 నుంచి 27 వరకు కొత్తగా వచ్చినవాటిలో దేనినైనా అది పిలుస్తుంటే 20.0 దానికి సరిపోదు. అటువైపు పాత లైబ్రరీ స్టాప్‌వాచ్ క్లాసును న్యూ అని సృష్టిస్తుంటే 20.0లో అది కూడా చెల్లదు, ఎందుకంటే ఆ కన్‌స్ట్రక్టరును 17లోనే బయటివారికి అందకుండా చేశారు. హెచ్‌బేస్ డేటాబేసు వాడినవారికి ఆ ఇల్లీగల్‌యాక్సెస్‌ఎర్రర్ బాగా గుర్తుంటుంది. పైగా 11.0 నుంచి 24.1.1కు ముందు వరకు ఉన్న గువా విడుదలలకు 2018లో నమోదైన ఒక భద్రతా లోపం వర్తిస్తుంది. మీ భద్రతా బృందం స్కాన్ చేసిన రోజున 20.0 కూడా ఎర్ర జాబితాలోకి వస్తుంది.

అలాగని ఎప్పుడూ పెద్ద వెర్షన్‌నే ఉంచుకోవాలన్న సూత్రం కూడా నిలవదు. మరొక బిల్డ్ సాధనమైన గ్రాడిల్, ఘర్షణ వచ్చినప్పుడు సాధారణంగా పెద్ద వెర్షన్‌ను తీసుకుంటుంది. మావెన్ అయితే డిపెండెన్సీ వృక్షంలో వేరుకు దగ్గరగా ఉన్నదానిని, రెండూ సమాన దూరంలో ఉంటే పామ్‌లో ముందు రాసినదానిని తీసుకుంటుంది. అందువల్ల ఒకే ప్రాజెక్టును ఒక సాధనం నుంచి మరొక సాధనానికి మార్చినప్పుడు కోడులో అక్షరం మారకుండానే నడిచే లైబ్రరీలు మారిపోతాయి. ఈ రెండు పద్ధతులలో ఏదీ బైట్‌కోడ్ తెరిచి చూసి నిర్ణయించేది కాదు. 2023లో యామల్ ఫైళ్లను చదివే స్నేక్‌యామల్ లైబ్రరీ 2.0 వచ్చినప్పుడు ఏం జరిగిందో చూడండి: 1.x శ్రేణిలోని భద్రతా లోపం కారణంగా అందరూ హడావుడిగా 2.0కు ఎక్కించారు, అందులో పారామీటర్లు లేని కొన్ని కన్‌స్ట్రక్టర్లను తీసివేయడంతో, వాటిని నమ్ముకుని కంపైల్ అయిన లైబ్రరీలు నడిచే సమయంలో కూలాయి. పెద్ద వెర్షన్ ఎంచుకున్నవారే అక్కడ దెబ్బతిన్నారు.

మీ స్థితికి నేను సూచించేది షేడింగ్. పాత ఫైళ్ల పఠన లైబ్రరీని, దానికి కావలసిన గువా 15.0ను కలిపి ఒకే జారుగా చేసి, అందులోని గువా ప్యాకేజీ పేరును వేరొక పేరుకు మార్చివేయడం. మావెన్ షేడ్ ప్లగిన్ ఈ మార్పును సోర్సులో కాక బైట్‌కోడ్‌లోనే చేస్తుంది, కాబట్టి సోర్సు పోగొట్టుకున్న మీకు ఇది అడ్డంకి కాదు. ఆ జారులో పిలిచేచోటా పిలవబడేచోటా పేరు ఒకేసారి మారుతుంది. ఇక జేవీఎం దృష్టిలో అవి వేరు పేర్లు గల వేరు క్లాసులు, వాటి మధ్య ఘర్షణ అన్న ప్రశ్నే రాదు. భారీ డేటా పనులకు వాడే హడూప్ వారు చివరకు చేసినదీ ఇదే. హడూప్ 2తో గువా 11.0.2 వచ్చేది, దానితో తమ అప్లికేషన్‌లోని గువాను పొసగించలేక ఎందరో అవస్థపడ్డారు. హడూప్ 3.3 శ్రేణిలో తమకు కావలసిన గువాను థర్డ్‌పార్టీ అనే మాట చేర్చిన సొంత ప్యాకేజీ పేరు కిందకు తెచ్చుకుని, మిగతావారి దారికి అడ్డు తొలిగారు.

షేడింగ్‌లో రెండు చోట్ల జాగ్రత్త అవసరం. క్లాసు పేరును ముక్కలుగా కూర్చి రిఫ్లెక్షన్‌తో, అంటే నడిచే సమయంలో పేరును బట్టి వెతికి, పిలిచే కోడు ఉంటే ఆ పేరు మారదు. పాత లైబ్రరీ పబ్లిక్ మెథడ్లలో ఏదైనా గువా రకాన్ని తీసుకుంటుంటే, లేదా తిరిగి ఇస్తుంటే, షేడింగ్ తరువాత ఆ రకం పేరు కూడా మారిపోతుంది. అది మీ కోడు మీద పడుతుంది. జావాపీ సాధనంతో ఆ జారులోని పబ్లిక్ మెథడ్లను ఒకసారి చూసుకోండి.


మూడవ జవాబు

పై జవాబుతో నాకు విభేదం లేదు గాని, ఇటువంటి చోట కొందరు వేసే మరొక ఎత్తు గురించి హెచ్చరించాలనిపించింది. పాత లైబ్రరీకి వేరే క్లాస్‌లోడరును మనమే రాసి పెట్టడం ఆ ఎత్తు. చదవడానికి అందంగా ఉంటుంది. నేను ఒకసారి చేసి, ఆ తరువాత ఆరు నెలలు దానికి కాపలా కాశాను.

జేవీఎంలో ఒక క్లాసుకు గుర్తింపు దాని పేరు ఒక్కటే కాదు, పేరూ దానిని నిర్వచించిన క్లాస్‌లోడరూ కలిసి గుర్తింపు అవుతాయి. అందువల్ల రెండు లోడర్లు ఉంటే ఒకే పేరుతో రెండు వెర్షన్లూ ఒకే జేవీఎంలో సహజీవనం చేయగలవు. జావా వెబ్ సర్వరు టామ్‌క్యాట్ చేసేది ఇదే. ఒక్కొక్క వెబ్ అప్లికేషన్‌కు ఒక్కొక్క లోడరు ఉంటుంది, ప్రతి అప్లికేషన్ తన వెబ్-ఇన్ఫ్‌లోని గువాను తాను వాడుకుంటుంది. కాని సాధారణ లోడర్ల పద్ధతి, పిల్ల ముందుగా తల్లిని అడగడం. మీ అప్లికేషన్ క్లాస్‌పాత్‌లో 27.0 ఉండి, యూఆర్‌ఎల్‌క్లాస్‌లోడరులో 15.0 పెడితే, అది మర్యాదగా తల్లిని అడిగి 27.0నే తెచ్చుకుంటుంది. మీరు పెట్టిన 15.0 జారును తెరవనైనా తెరవదు. టామ్‌క్యాట్ లోడరు జావా సొంత క్లాసుల వంటివాటిని మినహాయించి, ముందు తన ఇంట్లో వెతికి ఆ తరువాతే తల్లి దగ్గరకు పోతుంది కాబట్టి అక్కడ పని జరుగుతుంది. డెలిగేట్ అనే అమరికను ట్రూ చేస్తే ఆ వరుస తిరగబడుతుంది.

సరే, మీరు కూడా అలా తిరగేసిన లోడరు రాశారనుకుందాం. పాత లైబ్రరీ ఒక ఇమ్యూటబుల్‌మ్యాప్‌ను మీ కోడుకు అందించిన క్షణంలో అసలు తమాషా మొదలవుతుంది. ఇమ్యూటబుల్‌మ్యాప్‌ను ఇమ్యూటబుల్‌మ్యాప్‌గా మార్చలేమని క్లాస్‌క్యాస్ట్ ఎక్సెప్షన్ వస్తుంది. మొదటిసారి చూసినవారు తమ కళ్లనే అనుమానిస్తారు. కొత్త జావాలలో ఆ సందేశం పక్కనే ఏ క్లాసు ఏ లోడరుదో కూడా రాస్తున్నారు, జావా 8లో ఆ దయ కూడా లేదు. లోడర్ల సరిహద్దు దాటే మెథడ్ పిలుపులలో అటువంటి రకం ఉంటే, లోడర్ కన్‌స్ట్రయింట్ ఉల్లంఘన అనే లింకేజ్‌ఎర్రర్ ఎదురుకావచ్చు. రెండు లోడర్లూ ఒకే పేరును ఒకే క్లాసుగా చూస్తున్నాయా లేదా అని జేవీఎం లింకు సమయంలో సరిచూసుకుంటుంది. అది లేకపోతే రకాల భద్రతకే చిల్లు పడేది.

జావా 9తో 2017లో వచ్చిన మాడ్యూళ్లు దీనిని తీరుస్తాయని కూడా కొందరు ఆశపడ్డారు. వెర్షన్లను ఎంచుకునే బాధ్యతను ఆ పద్ధతి బుద్ధిపూర్వకంగానే తలకెత్తుకోలేదు. ఒకే ప్యాకేజీ రెండు మాడ్యూళ్లలో కనిపిస్తే మొదట్లోనే మొండికేస్తుంది, అంతవరకు మేలు. వెర్షన్లను పక్కపక్కన నడపడానికి ఓఎస్‌జీఐ ఉంది గాని, ఒక్క గువా కోసం ఆ సంసారంలోకి దిగమని ఎవరికీ చెప్పను.

డిప్లాయ్‌మెంట్ స్క్రిప్టును మాత్రం వెంటనే సరిచేయండి. ప్రతి విడుదలకూ కొత్త ఫోల్డరు చేసి సింబాలిక్ లింకును దాని వైపు తిప్పడం ఒక పద్ధతి. నక్షత్రం గుర్తును వదిలేసి, మీ ప్రధాన జారు మ్యానిఫెస్టులోని క్లాస్-పాత్ వరుసలో జార్ల పేర్లను బిల్డ్ సమయంలోనే రాయించడం మరొకటి. రెండవదానిలో ఫోల్డరులో పాత జారు మిగిలిపోయినా దాని పేరు జాబితాలో ఉండదు కాబట్టి ఎవరూ దాని జోలికి పోరు. మావెన్ జార్ ప్లగిన్ ఆ జాబితాను తానే రాస్తుంది. బిల్డ్‌లో ఎన్‌ఫోర్సర్ ప్లగిన్ పెట్టి, డూప్లికేటు క్లాసులను నిషేధించే అదనపు నియమాన్ని కూడా చేర్చుకోండి.


ప్రశ్న అడిగినవారి స్పందన

రెండు రోజులు పట్టింది గాని పని పూర్తయింది. గువా 20.0ను ప్రయత్నించాను. మీరన్నట్టే పాత దోషాలు రెండూ పోయాయి, నివేదికల లైబ్రరీలో మరొకచోట కొత్తది తేలింది. దానితో షేడింగ్ వైపే మొగ్గాను. పాత లైబ్రరీని గువా 15.0తో కలిపి ప్యాకేజీ పేరు మార్చి, మా సొంత ఆర్టిఫాక్టుగా పెట్టుకున్నాము. జావాపీతో చూస్తే ఒకే ఒక్క పబ్లిక్ మెథడ్ ఇమ్యూటబుల్‌మ్యాప్‌ను తిరిగి ఇస్తోంది. మా కోడులో దానిని అందుకునే చోట రకాన్ని జావా సొంత మ్యాప్‌గా మార్చాను. పేరు మారిన ఇమ్యూటబుల్‌మ్యాప్ కూడా మ్యాపే కాబట్టి సరిపోయింది. మొదట మా కోడును మళ్లీ కంపైల్ చేయకుండా జారును మాత్రమే మార్చి నడిపితే మళ్లీ నోసచ్‌మెథడ్‌ఎర్రరే వచ్చింది. తిరిగిచ్చే రకం కూడా బైట్‌కోడ్‌లో రాసి ఉంటుందన్న మొదటి జవాబులోని మాట అప్పుడు నాకు బాగా ఒంటబట్టింది.

డూప్లికేటు క్లాసుల నియమం పెట్టగానే బిల్డ్ విఫలమై, మేము ఊహించని మరొకదానిని చూపించింది. ఇమ్యూటబుల్‌లిస్ట్ వంటి క్లాసులు గువా 27.0లోనే కాక గూగుల్-కలెక్షన్స్ 1.0 అనే జారులో కూడా ఉన్నాయట. డిపెండెన్సీ ట్రీ వేయించి చూసినప్పుడు మావెన్ ఈ రెండింటి మధ్య ఘర్షణ ఉన్నట్టు ఎక్కడా చెప్పలేదు. ఎందుకని? ఇంకొక విచిత్రం, అదే జాబితాలో లిజనబుల్‌ఫ్యూచర్ అనే ఆర్టిఫాక్టుకు వెర్షన్ 9999.0 అని, దాని వెనుక ఒక పెద్ద వాక్యం కనిపించింది. ఇదీ తీసివేయవలసినదేనా?


రెండవ జవాబు ఇచ్చినవారు

గూగుల్-కలెక్షన్స్ గువాకు పూర్వరూపం. ప్యాకేజీ పేరు అదే, ఆర్టిఫాక్టు పేరు వేరు. మావెన్ ఘర్షణను గ్రూపు పేరు, ఆర్టిఫాక్టు పేరు చూసి గుర్తిస్తుంది గాని లోపలి క్లాసులను చూసి కాదు. కాబట్టి దాని లెక్కలో ఇవి ఒకదానికొకటి సంబంధం లేని రెండు లైబ్రరీలు, రెండింటినీ భక్తిగా తెచ్చి పెడుతుంది. పేరు మార్చుకున్న లైబ్రరీలన్నిటిలోనూ ఈ ఉచ్చు ఉంటుంది. సర్వ్‌లెట్ ఏపీఐ కూడా ఒకప్పుడు ఒక పేరుతో, తరువాత మరొక పేరుతో విడుదలైంది, రెండూ ఒకే ఫోల్డరులో పడి ఉండడం ఎన్నోసార్లు చూశాను. గూగుల్-కలెక్షన్స్‌ను ఏ డిపెండెన్సీ తెస్తోందో ట్రీలో చూసి, అక్కడ దానిని మినహాయించే ఎక్స్‌క్లూజన్ రాయండి. ఆ డిపెండెన్సీ పిలిచే మెథడ్లు 27.0లో ఉన్నాయో లేదో కూడా సరిచూసుకోండి, లేకపోతే దానికి కూడా షేడింగే.

9999.0ను తాకకండి. అది ఖాళీ జారు. లిజనబుల్‌ఫ్యూచర్ అనే ఒక్క ఇంటర్‌ఫేస్‌ను మాత్రమే కోరుకునేవారి కోసం గువా బృందం దానిని విడిగా 1.0గా విడుదల చేసింది. పూర్తి గువాను కూడా వాడేవారికి ఆ ఇంటర్‌ఫేస్ రెండుచోట్ల ఉండే ప్రమాదం వచ్చింది కనుక, 27.0 నుంచి గువా తానే ఈ ఖాళీ జారును డిపెండెన్సీగా తెచ్చుకుంటుంది. వెర్షన్ అంకె అంత పెద్దది కాబట్టి, పెద్దదానిని ఎంచుకునే సాధనాలలో ఇది 1.0ను పక్కకు నెట్టి ఆ చోటును ఖాళీగా ఉంచుతుంది. మావెన్ పెద్దదానిని కాక దగ్గరదానిని ఎంచుకుంటుంది గనుక, మీ వృక్షంలో ఎవరైనా 1.0ను మరింత దగ్గరగా తెస్తున్నారేమో ఒకసారి చూడండి. ఆ అంకె వెనుక మీరు చూసిన పెద్ద వాక్యానికి అర్థం కూడా, గువాతో ఘర్షణ తప్పించడానికి ఖాళీగా ఉంచినది, అనే.